పొగను లెక్కించుట ఎట్లు?

శీతకాలపు ఉదయమున విజయవాడలో ప్రకాశం బ్యారేజి మీదినుండి చూచినచో ఇంద్రకీలాద్రి తరచు మసకగా కనిపించును. ఆ మసక అంతయు మంచు కాదు. వంటపొయ్యిల పొగ, లారీల పొగ, ఇబ్రహీంపట్నము థర్మల్ కేంద్రపు పొగ, వరికోతల పిమ్మట చేలలో కాల్చిన గడ్డి పొగ అందులో కలిసియుండును. రాత్రివేళ నేల చల్లబడుటచే చల్లని గాలి క్రిందను, వెచ్చని గాలి పైనను నిలుచును. అందుచే పొగ పైకి పోజాలక ఊరిమీదనే పరచుకొనును.

గాలిలో తేలుచుండు ఇట్టి సూక్ష్మమైన ఘన, ద్రవ కణములను ఏరోసాల్ కణములందురు. తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు కాగా, పొగకణము చాలవరకు ఒక మైక్రాను కంటెను చిన్నది.

పొగలోని కర్బనము రెండు విధములు. ఎండుగడ్డి భగ్గున మండునపుడు నల్లని మసి హెచ్చుగా పుట్టును. తడిగడ్డి మంటలేక రాజుకొనునపుడు తెల్లని పొగ వచ్చును గదా! అందు ఎక్కువ భాగము సేంద్రియ కర్బనము. అనగా హైడ్రోజను, ఆక్సిజనులతో కూడిన కర్బన సమ్మేళనములు. మసి ఎండను పీల్చి గాలిని వేడిచేయును. సేంద్రియ కణములు చాలవరకు ఎండను వెదజల్లి భూమిని చల్లబరచును. వానిలో గోధుమరంగు కణములు మాత్రము నీలికాంతిని కొంత పీల్చుకొనును.

వీని ప్రభావమును తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులు కంప్యూటరుపై శీతోష్ణస్థితి నమూనాలను నడుపుదురు. ఇది బొమ్మ కాదు, సమీకరణముల సముదాయము. వాతావరణమును గడులుగా విభజించి, ప్రతి గడికిని జమాఖర్చు వ్రాయుదురు. పొగ ఎంత పుట్టినది, గాలి ఎంత తెచ్చినది, ఎంత కొనిపోయినది, వాన ఎంత కడిగినది? మిగిలిన నిలువను బట్టి ఎండ ఎంత తగ్గునో కట్టుదురు.

ఈ లెక్కలో చిక్కులు పెక్కు. గడి ప్రక్క 100 కిలోమీటర్లైనచో విజయవాడ నుండి మచిలీపట్నము వరకు ఒకే గడిలో ఇమిడిపోవును. నగరపు పొగయు, సముద్రపు ఉప్పుతుంపరయు కలిసి ఒకే సగటు అగును. ఇక సేంద్రియ కణములన్నియు నిప్పునుండియే పుట్టవు. పెట్రోలు ఆవిరి, నూజివీడు మామిడితోటల ఆకులు విడుచు ఆవిరులు గాలిలో ఓజోను మొదలగువానితో చర్య నొంది, కణములుగా పేరుకొనును. పరికరము సాధారణముగ కర్బనపు తూకమునే తెలుపును. మొత్తము సేంద్రియ పదార్థము కావలెనన్నచో దానిని 1.4 మొదలు 2 వరకు గల ఏదో ఒక సంఖ్యతో గుణింపవలెను. 10 మైక్రోగ్రాముల కర్బనము ఒక లెక్కలో 14, మరియొక లెక్కలో 20 అగును. భేదము ఎంతో విద్యార్థులే చూడవచ్చును.

కావున లెక్కను కొలతతో సరిచూడవలెను. శీతకాలమున ఈశాన్యపు గాలి మన దేశపు పొగను సముద్రము మీదికి కొనిపోవును. 1999లో హిందూమహాసముద్ర ప్రయోగము పేర పలుదేశముల శాస్త్రజ్ఞులు ఓడలతోను, విమానములతోను ఆ పొగను పరీక్షించిరి. మాల్దీవులలోని కాషిదూ దీవియందు సూక్ష్మకణముల తూకములో సుమారు నాలుగవ వంతు సేంద్రియ పదార్థము, ఏడవ వంతు మసి కనబడెను.

ఇది మన రైతునకు సంబంధములేని విషయము కాదు. ఎండ తగ్గినచో సముద్రపు నీరు ఆవిరియగుట తగ్గును. నేలకు, సముద్రమునకు గల వేడిమి భేదమును తగ్గును. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధములో దక్షిణాసియా ఋతుపవనము బలహీనపడుటకు మానవులు కలిగించిన ఏరోసాల్ కణములు ప్రధాన కారణమని శీతోష్ణస్థితి మార్పుపై గల అంతర్ ప్రభుత్వ సంఘము 2021లో తేల్చినది. పడమటి కనుమలలో ఆ వాన కురిసిననే కృష్ణలో నీరు, బ్యారేజి కాలువలలో నీరు.

1750 నుండి 2019 వరకు బొగ్గుపులుసు వాయువు వృద్ధి వలన భూమికి చదరపు మీటరునకు సుమారు 2.2 వాట్ల వేడిమి అదనముగ చేరుచుండగా, ఏరోసాల్ కణములు సుమారు 1.1 వాట్లు తగ్గించుచున్నవని ఆ సంఘపు అంచనా. కాని ఈ రెండవ సంఖ్య 0.4 కావచ్చును, 1.7 కావచ్చును! కణములు వారము దినములలో రాలిపోవును. ఆ వాయువు శతాబ్దములు నిలుచును. ఊపిరితిత్తుల మేలు కొరకు పొగను తగ్గింపవలసినదే. తగ్గించిననాడు దాని మాటున దాగిన వేడిమి ఎంత బయటపడునో ముందుగా తెలియవలెనన్నచో, గడ్డిపొగలోని కర్బనమునకు సరియైన లెక్క కుదరవలెను.