ఇన్‌ఫ్లుయెన్సర్ బదులు ఏఐ అవతార్ మాట్లాడితే ఫాలోవర్లు పెరుగుతారా?

తెల్లాపూర్ నుంచి మాట్లాడుతున్నాను. పటాన్‌చెరులో నైట్ షిఫ్ట్ చేసే కుర్రాడు రాత్రి రెండింటికి తన అభిమాన ఇన్‌ఫ్లుయెన్సర్‌కి మెసేజ్ పెట్టాడనుకోండి. లక్షల మందిలో అతనికి జవాబు వస్తుందా? కష్టమే. ఏఐ అవతార్ అయితే క్షణంలో పేరు పెట్టి పలకరిస్తుంది. ఎంగేజ్‌మెంట్ పెరిగేది ఇక్కడే.

2023 మేలో అమెరికాలో స్నాప్‌చాట్ ఇన్‌ఫ్లుయెన్సర్ కేరిన్ మార్జొరీ తన గొంతుతో మాట్లాడే 'కేరిన్ ఏఐ'ని తెచ్చింది. నిమిషానికి 1 డాలర్. జనం డబ్బు కట్టి మరీ మాట్లాడారు. కొన్నాళ్ళకే ఆ బాట్ ఆమె అనుకోని అసభ్యపు మాటలకి దిగింది. మాట బాట్‌ది, పరువు మాత్రం ఆమెది.

ఇక్కడ కనీసం ఆమె ఒప్పుకుని చేసింది. అసలు అనుమతే లేకపోతే? 2023లో రష్మిక మందన్న ముఖాన్ని వేరే అమ్మాయి వీడియోకి అతికించిన డీప్‌ఫేక్ గుర్తుంది కదా! 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు గుంటూరుకు చెందిన ఒక యువకుణ్ణి అరెస్టు చేశారు. రష్మిక ఫ్యాన్ పేజీకి ఫాలోవర్లు పెరగాలనే చేశాడని వాళ్ళు చెప్పారు. రెండు వారాల్లో 90,000 కాస్తా 1,08,000 అయ్యారట. ఆ 18,000 మందిలో ఎంతమంది అది నిజమనుకుని వచ్చారో!

2024 జూలైలో మెటా అమెరికాలో ఏఐ స్టూడియో మొదలుపెట్టింది. ఇన్‌స్టాగ్రామ్ మెసేజ్‌లకి క్రియేటర్ తరఫున ఏఐ జవాబిస్తుంది, అది ఏఐ అని లేబుల్ కూడా ఉంటుంది. నా లెక్కలో ఆ చిన్న లేబులే అసలు తేడా. మీకు ఇష్టమైనవాళ్ళ నుంచి వెంటనే జవాబు వస్తే, మురిసిపోయేముందు ఆ లేబుల్ ఉందేమో చూడండి. ఇంటి గొడవలు, బ్యాంకు వివరాలు మాత్రం అక్కడ టైప్ చేయొద్దు.