కూటపత్రం, అక్రమధనం: శిక్షా నిర్ణయ విధానం

వ్యవహార నిర్ణయానికి లిఖితం, భుక్తి, సాక్షి అనే మూడు ప్రమాణాలను ధర్మశాస్త్రకారులు చెప్పారు. మితాక్షర ఆధారంగా 13వ శతాబ్దంలో కేతన రచించిన విజ్ఞానేశ్వరీయం ఈ వ్యవహార సంప్రదాయాన్ని తెలుగులోకి తెచ్చింది. ప్రమాణంగా నిలవవలసిన లిఖితమే కల్పితమైతే న్యాయానికి ఆధారమే లేకుండా పోతుంది. ఆధునిక శిక్షాస్మృతి కూటపత్ర సృష్టినీ, వినియోగాన్నీ వేర్వేరు నేరాలుగా గుర్తించడానికి కారణం ఇదే.

భారత శిక్షాస్మృతి 471వ సెక్షన్ ప్రకారం, నకిలీదని తెలిసి ఒక పత్రాన్ని అసలుదిగా వాడిన వ్యక్తికి, దానిని సృష్టించిన వ్యక్తికి విధించే శిక్షే వర్తించేది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 340వ సెక్షన్‌లోనూ ఇదే సూత్రం కొనసాగింది. అంటే వినియోగానికి విడిగా శిక్షా పరిమాణం లేదు. పత్ర స్వభావాన్ని బట్టి అది మారుతుంది. సామాన్య ఫోర్జరీకి గరిష్ఠంగా 2 సంవత్సరాలు. వీలునామా వంటి పత్రమైతే 10 సంవత్సరాల వరకు జైలు, లేదా యావజ్జీవం.

మనీలాండరింగ్ నిరోధక చట్టం (2002) మార్గం వేరు. దాని 4వ సెక్షన్ 3 నుండి 7 సంవత్సరాల కఠిన కారాగారాన్ని, జరిమానాను నిర్దేశిస్తుంది. మొదట జరిమానాకు 5 లక్షల రూపాయల పరిమితి ఉండేది. కోట్లలో సాగే నేరానికి అది నామమాత్రమే. 2012 నాటి సవరణ దానిని తొలగించింది. పత్రికలు వాడే ‘నగదు అక్రమ చలామణి’ అనే అనువాదం ఈ నేరాన్ని కుదించి చూపుతుంది. చట్టం పట్టించుకునేది నగదును మాత్రమే కాదు. నేరం వల్ల సమకూరిన భూమి, వాటాలు, ఇళ్లు కూడా దాని పరిధిలోనివే. నేరం రుజువైతే ఆ ఆస్తి జప్తు అవుతుంది. దోషికి కారాగారం కన్నా ఇదే ఎక్కువ భారం కావచ్చు.

ఈ నేరం స్వతంత్రమైనదే అయినా మూలనేరం లేకుండా నిలవదు. 471వ సెక్షన్ అటువంటి మూలనేరాల పట్టికలో ఉంది. మూలనేరంలో నిందితుడు నిర్దోషిగా తేలితే మనీలాండరింగ్ అభియోగం నిలవదని 2022 జూలై 27న సుప్రీంకోర్టు విజయ్ మదన్‌లాల్ చౌధరి కేసులో స్పష్టం చేసింది. రెండూ రుజువైనా శిక్షలు ఏకకాలంలో నడవాలా, ఒకదాని తరువాత ఒకటా అన్నది న్యాయమూర్తి విచక్షణకు సంబంధించినది. దోషి అనుభవించే కాలాన్ని నిజంగా నిర్ణయించేది ఈ ఒక్క వాక్యమే.

కూటపత్రాల తీవ్రతకు సత్యం కంప్యూటర్స్ ఉదంతం తెలుగువారికి సుపరిచితం. 2009 జనవరి 7 నాటి లేఖలో ఛైర్మన్ రామలింగరాజు, లెక్కల్లో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనివేనని ఒప్పుకున్నారు. నకిలీ ఇన్‌వాయిస్‌లు, ఫిక్సెడ్ డిపాజిట్ రసీదులు ఈ మోసానికి ఆధారమయ్యాయి. హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానం 2015 ఏప్రిల్ 9న ఆయనతో సహా పదిమందిని దోషులుగా నిర్ధారించి 7 సంవత్సరాల జైలు విధించింది. మరుసటి నెలలోనే సెషన్స్ కోర్టు ఆ శిక్ష అమలును నిలిపివేసి బెయిలు ఇచ్చింది.