బ్లడ్ క్యాన్సర్ – కీమో: అపోహలు, వాస్తవాలు

అపోహ: బ్లడ్ క్యాన్సర్‌కి మందు లేదు.

1947 దాకా పిల్లల విషయంలో ఈ మాట దాదాపు నిజమే. ఆ ఏడాది చివర బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్ ఉన్న పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చాడు. కొందరిలో జబ్బు కొన్నాళ్లు వెనక్కి తగ్గింది. ఆ మందు చేసిన లెడర్లీ కంపెనీ పరిశోధకులకు పెద్ద మన యల్లాప్రగడ సుబ్బారావు. మన పలివెల నుంచి వసిష్ఠ గోదావరి దాటి వెళ్తే వచ్చే భీమవరంలోనే పుట్టాడు. అమినోప్టెరిన్ కోవకే చెందిన మెథోట్రెక్సేట్‌ని పిల్లల ల్యుకేమియాకి ఇప్పటికీ వాడుతున్నారు.

అపోహ: కీమో ఎందుకు, బిళ్లగన్నేరు ఆకు రసం తాగితే చాలు.

ఇందులో సగం నిజం ఉంది, చిక్కంతా దానితోనే. విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు బిళ్లగన్నేరులోదే. అయితే ఒక్క గ్రాము తీయాలంటే వందల కిలోల ఎండుటాకు కావాలి. పెద్దవాళ్లకైనా ఒక మోతాదు మామూలుగా 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు. అదీ నరంలోకే ఎక్కించాలి, పొరపాటున వెన్నులోకి వెళ్తే ప్రాణం పోతుంది. ఇంత జాగ్రత్తగా తూచి ఇచ్చే మందుని పెరట్లో ఆకు దంచి గ్లాసులో పోసుకుంటారా? ఆ రసంలో ఇంకేమేం ఉన్నాయో ఎవరు చూశారు?

అపోహ: ఎవరికైనా అదే కీమో, అవే సెలైన్లు.

కాదు. సీఎంఎల్ అనే బ్లడ్ క్యాన్సర్ రకంలో చాలామందికి రోజూ ఇమాటినిబ్ మాత్ర సరిపోతుంది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఈ మందుపై నోవార్టిస్ కంపెనీ పేటెంటు కోరికను తోసిపుచ్చింది కాబట్టి మన కంపెనీల మాత్ర చవకగా దొరుకుతోంది. ఏపీఎల్ రకంలో చాలామందికి ఆర్సెనిక్ ట్రయాక్సైడ్, విటమిన్ ఎ జాతి మాత్ర కలిపి ఇస్తారు. సీఎల్ఎల్ అయితే కొందరికి వెంటనే మందే అక్కర్లేదు, పరీక్షలు చేస్తూ కనిపెట్టుకుని ఉంటారు.

అపోహ: నెలకే రిపోర్టు బాగుంది, ఇక ఆపేయొచ్చు.

అన్నిటికంటే ప్రాణాంతకమైన అపోహ ఇదే. రిపోర్టుకి అందని కణాలు మజ్జలో దాగి ఉంటాయి. అందుకే పిల్లల్లో వచ్చే ఏఎల్ఎల్ రకం ల్యుకేమియాకి రెండు మూడేళ్లు మందులు వాడాలి. పలివెల కొప్పేశ్వరుడికి మొక్కుకోండి, కీమో తేదీ మాత్రం తప్పించకండి. డబ్బు దగ్గర ఆగిపోతే రాష్ట్ర ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్య సేవ పథకంలో కీమో ఉంది, ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని అడగండి. విశాఖ అగనంపూడిలో టాటా వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి కూడా ఉంది.

అపోహ: కీమో తర్వాత జ్వరం మామూలే, డోలో వేస్తే పోతుంది.

కీమో ఎక్కించాక వారం, రెండు వారాల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి, కాబట్టి అప్పుడొచ్చే జ్వరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఇంట్లో థర్మామీటరు ఉంచుకోండి. జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కి చేరితే తెల్లారేదాకా ఆగకండి, అర్ధరాత్రయినా ఆసుపత్రికి బయల్దేరండి.