నేలని తాకని బంతికి స్పిన్ ఎందుకు?

స్పిన్ అనగానే మనకి క్రికెట్టే గుర్తొస్తుంది, బంతి పిచ్ మీద పడి తిరగడం. సాఫ్ట్‌బాల్‌లో పిచ్ అంటే నేల కాదు, విసరడం! బంతి నేలకి తగలకుండానే బ్యాటర్ దగ్గరికి రావాలి. మరి స్పిన్ పనిచేసేది గాలి మీదే. తిరిగే బంతి గాలిని ఒక పక్కకి తోస్తే, గాలి బంతిని రెండో పక్కకి తోస్తుంది. దీన్ని మాగ్నస్ ప్రభావం అంటారు.

ముందుకి దొర్లినట్టు తిరిగితే డ్రాప్ బాల్, తొందరగా కిందకి దిగిపోతుంది. పక్కకి తిరిగితే కర్వ్.

నాకు నచ్చేది రైజ్ బాల్. ఇది వెనక్కి తిరుగుతుంది. పేరుకే రైజ్ గానీ, దారి మధ్యలో పైకి ఎగరదు, పడాల్సినంత పడదు, అంతే. ఆడవాళ్ల ఆటలో పిచర్‌కి, బ్యాటర్‌కి మధ్య దూరం దాదాపు 43 అడుగులే. బంతి ఎక్కడికి దిగుతుందో కన్ను ముందే లెక్కేసేస్తుంది. బ్యాట్ అక్కడికి వెళ్తుంది, బంతి దాని పైనుంచి పోతుంది. అదే బంతి తుపాకీ గుండులా తిరిగిందా, గాలి సాయం దాదాపు ఉండదు. అలాంటిది కొట్టడం బ్యాటర్‌కి తేలికే.