దెబ్బ తగలకుండానే చిట్లే వెన్నుపూస

2019 సెప్టెంబరులో భారత పేసర్ జస్‌ప్రీత్ బుమ్రాకు మామూలుగా జరిపే స్కానింగ్ పరీక్షల్లో నడుము భాగంలో చిన్న స్ట్రెస్ ఫ్రాక్చర్ బయటపడింది. దాంతో ఆయన దక్షిణాఫ్రికాతో టెస్టులకు దూరమయ్యారు. అంతకు చాలా ముందే, 1973లో, ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ డెనిస్ లిల్లీనీ వెన్నులో ఇలాంటి పగుళ్లే ఆటకు దూరం చేశాయి. కింద పడకుండా, దెబ్బ తగలకుండా ఎముక ఎలా చిట్లుతుంది?

ఎముక సజీవ కణజాలం. శ్రమ చేసినప్పుడల్లా అందులో కంటికి కనిపించని సూక్ష్మ పగుళ్లు ఏర్పడతాయి. ఆస్టియోక్లాస్ట్ కణాలు దెబ్బతిన్న భాగాన్ని తొలగిస్తే, ఆస్టియోబ్లాస్ట్ కణాలు కొత్త ఎముకను నిర్మిస్తాయి. తొలగింపు వారాల్లో ముగుస్తుంది. నిర్మాణానికి మాత్రం నెలలు పడుతుంది. ఈలోగా విశ్రాంతి లేకుండా అదే భారం పడుతుంటే మరమ్మతు వెనకబడి, సూక్ష్మ పగుళ్లు కలిసి పెద్దవవుతాయి.

నడుము దగ్గరి వెన్నుపూసల్లో బలహీనమైన చోటు ఒకటుంది. పై కీలుకూ కింది కీలుకూ మధ్య వంతెనలా ఉండే సన్నని ఎముక అది. పేరు పార్స్ ఇంటరార్టిక్యులారిస్. బౌలర్ ముందుకాలు నేలను తాకిన క్షణంలో శరీర బరువుకు కొన్ని రెట్ల బలం పైకి తన్నుతుంది. అదే క్షణంలో నడుము వెనక్కి, పక్కకు వంగుతూ మెలి తిరుగుతుంది. అందుకే కుడిచేతి బౌలర్లలో పగులు ఎక్కువగా ఎడమవైపు కనిపిస్తుంది. నడుమును పదేపదే వెనక్కి వంచే జిమ్నాస్టులకూ ఈ ముప్పు ఉంది.

ఎక్కువ ప్రమాదం టీనేజీ ఆటగాళ్లకే. వెన్నెముక పూర్తిగా గట్టిపడేది ఇరవైల మధ్యకు వచ్చాకే. ఒకే కుర్రాడు స్కూలు జట్టుకు, అకాడమీకి, క్లబ్బుకు బౌలింగ్ చేస్తుంటే, వారానికి మొత్తం ఎన్ని బంతులు వేశాడో ఎవరూ లెక్కపెట్టరు. సెలవుల తర్వాత ఒక్కసారిగా బౌలింగ్ పెంచడం మరింత చేటు.

తొలిదశలో నొప్పి నడుం పట్టేసినట్లే ఉంటుంది. ఎక్స్‌రేలో చాలాసార్లు ఏమీ కనిపించదు. ఎమ్మారైలో మాత్రం పగులు పూర్తిగా ఏర్పడకముందే ఎముక లోపలి వాపు తెలుస్తుంది. ఈ తేడా కీలకం. అప్పుడే ఆట ఆపితే చాలామందిలో కొన్ని నెలల విశ్రాంతి, క్రమబద్ధమైన వ్యాయామాలతో ఎముక తిరిగి అతుక్కుంటుంది. నొప్పి మాత్రలు మింగి ఆడుతూ పోతే పగులు అతకని ఖాళీగా మిగిలిపోవచ్చు. రెండువైపులా చిట్లితే వెన్నుపూస ముందుకు జారే ప్రమాదమూ ఉంది. శస్త్రచికిత్స అవసరమయ్యేది కొద్దిమందికే.

ఇలాంటి లోపం జనాభాలో వందకు ఆరుగురి వరకు ఉంటుందని అంచనా. వారిలో చాలామందికి ఏ బాధా ఉండదు. కాబట్టి స్కాన్‌లో గీత కనిపించగానే భయపడాల్సిన పనిలేదు. అయితే క్రీడల్లో ఉన్న పిల్లలకు నడుములో, ముఖ్యంగా ఒకవైపు, నొప్పి రెండు వారాలు దాటినా తగ్గకపోతే, వెనక్కి వంగినప్పుడు ఎక్కువవుతుంటే వెంటనే వైద్యులకు చూపించాలి. నివారణకు ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. వేసిన బంతులను రోజూ రాసిపెట్టడం, బౌలింగ్‌ను మెల్లగా పెంచడం, మధ్యలో విశ్రాంతి రోజులు ఇవ్వడం ఏ కోచ్‌కైనా సాధ్యమే. వంద బంతులు వేయగల కుర్రాణ్ని అరవైకే ఆపడం అతని వేగాన్ని తగ్గించడం కాదు, ఎముకకు మరమ్మతు చేసుకునే సమయం ఇవ్వడం.