ఫిజిక్స్ డిగ్రీలో అసలు ఎంపిక ఆ 24 క్రెడిట్లే

ఇంటర్ అయ్యాక ఫిజిక్స్ మీద ఇష్టంతో డిగ్రీకి వచ్చే పిల్లలు మొదట అడిగేది ఒకటే: ఆస్ట్రోఫిజిక్స్ వైపు వెళ్లాలా, న్యూక్లియరా, నానోనా? ఆ ఉత్సాహం ఉండాల్సిందే. కానీ ఆ ప్రశ్నకు డిగ్రీలో చోటు చాలా తక్కువ. ఎంత తక్కువో క్రెడిట్ల లెక్క చెబుతుంది.

యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన విధివిధానాల ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు కావాలి. ప్రధాన సబ్జెక్టైన మేజర్‌కు 60, తోడు సబ్జెక్టైన మైనర్‌కు 24, ఇతర శాస్త్రాల పరిచయానికి 9, భాషలకు 8, నైపుణ్య కోర్సులకు 9. మిగతావి విలువల కోర్సులకు, ఇంటర్న్‌షిప్‌కు పోతాయి. ఇవి కనీస అంకెలు కాబట్టి యూనివర్సిటీని బట్టి కొంత మారతాయి.

నాలుగు క్రెడిట్ల పేపర్ల లెక్కన మేజర్ 60 అంటే 15 పేపర్లు. మెకానిక్స్, తరంగాలు, కాంతి, ఉష్ణం, విద్యుదయస్కాంతత్వం, మోడరన్ ఫిజిక్స్, క్వాంటమ్, స్టాటిస్టికల్ మెకానిక్స్, ఎలక్ట్రానిక్స్, సాలిడ్ స్టేట్, న్యూక్లియర్, మేథమెటికల్ మెథడ్స్. తలా ఒక పేపరు వేసుకున్నా 12 అయిపోయాయి. ఇష్టమైన శాఖకు మిగిలేది మహా అయితే మూడు. ఆ మూడు పేపర్లతో ఎవరూ ఖగోళ భౌతిక శాస్త్రవేత్త అయిపోరు, వాటిని వదిలేసినంత మాత్రాన ఆ దారి మూసుకుపోదు కూడా. ప్రత్యేక శాఖలు నిజంగా మొదలయ్యేది ఎమ్మెస్సీలో. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం జియోఫిజిక్స్, న్యూక్లియర్ ఫిజిక్స్, వాతావరణ, సముద్ర శాస్త్రాల వంటివి ఆ స్థాయిలోనే నేర్పుతూ వచ్చింది.

విద్యార్థి చేతిలో నిజంగా ఉన్నది మైనర్. 24 క్రెడిట్లంటే ఆరు పేపర్లు. ఒక క్రెడిట్‌కు 15 గంటల పాఠం చొప్పున 360 గంటలు. ల్యాబ్ క్రెడిట్ అయితే 30 గంటలు కాబట్టి ఇంకా ఎక్కువే. ఈ 360 గంటలు దేనికి ఇవ్వాలన్నదే జాగ్రత్తగా తేల్చుకోవాల్సిన విషయం.

ఒకప్పుడు ఈ చిక్కు లేదు. ఎంపీసీ అంటే లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ మూడూ సమానంగా వచ్చేవి. 2023-24లో ఆంధ్రప్రదేశ్ సింగిల్ మేజర్ పద్ధతికి మారడంతో అడగకుండానే వచ్చే లెక్కలను అడిగి తీసుకోవాల్సి వచ్చింది. తెలంగాణలో డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ పద్ధతి దోస్త్ ద్వారా చేరేవాళ్లు కూడా కాంబినేషన్ ఎంచుకునేటప్పుడు ఇదే చూసుకోవాలి.

ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఆలోచన ఏ మూలనైనా ఉంటే మైనర్‌గా లెక్కలే తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం. హైడ్రోజన్ పరమాణువునే చూడండి. దానికి ష్రోడింగర్ సమీకరణం రాసి, చలరాశులను విడదీస్తే మూడు అవకలన సమీకరణాలు వస్తాయి. వాటిని సాధించడం తెలిసినవాడికి n, l, m అనే క్వాంటమ్ సంఖ్యలు ఎక్కడి నుంచి వచ్చాయో కళ్లముందు కనిపిస్తుంది. తెలియనివాడు ఆ మూడక్షరాలనూ బట్టీ పడతాడు. రెండో ఏడు దాటాక ప్రతి పేపర్లోనూ ఇదే తేడా.

ప్రవేశ పరీక్షలూ ఇదే మాట చెబుతాయి. ఐఐటీల ఎమ్మెస్సీకి రాసే జామ్ ఫిజిక్స్ పేపర్లో 60 ప్రశ్నలు, 100 మార్కులు, 180 నిమిషాలు. అంటే ప్రశ్నకు మూడు నిమిషాలు. సిలబస్‌లోని ఏడు భాగాల్లో మొదటిది గణిత పద్ధతులు, మిగతా ఆరింటికీ అదే ఆధారం. చాలా ఐఐటీలు డిగ్రీలో కొన్ని సెమిస్టర్లయినా గణితం చదివి ఉండాలని షరతు పెడతాయి. ఎన్ని మార్కులు తెచ్చుకున్నా ఆ షరతు దగ్గర ఆగిపోతే చాలా బాధ.

మరి కంప్యూటర్లు? తప్పకుండా నేర్చుకోవాలి. అయితే వాటికోసం మైనర్ ఖర్చు పెట్టనక్కర్లేదు. నైపుణ్య కోర్సుల 9 క్రెడిట్లంటే మూడు పేపర్లు. కాలేజీలో ఉంటే పైథాన్, డేటా విశ్లేషణ అక్కడే పూర్తవుతాయి. డిగ్రీ కాగానే ఉద్యోగం చూసుకోవాల్సిన ఇంటి పరిస్థితి ఉంటే మాత్రం ఎలక్ట్రానిక్స్ గానీ కంప్యూటర్ సైన్స్ గానీ మైనర్‌గా తీసుకోవడం తెలివైన పని. బీఈడీ చేసి బడిలో చెప్పాలనుకునేవాళ్లకు కెమిస్ట్రీ కావాలి. మన ఉన్నత పాఠశాలల్లో ఫిజికల్ సైన్స్ టీచరు రెండూ చెప్పాలి కదా. ఆ దారిలో వెళ్లేవాళ్లు డీఎస్సీ అర్హతల్లో ఏ సబ్జెక్టులు అడిగారో చేరేముందే చూసుకోవాలి.

ఇక నాలుగో ఏడు. మూడేళ్ల డిగ్రీ, రెండేళ్ల ఎమ్మెస్సీ కలిపితే ఐదేళ్లు. నాలుగేళ్ల ఆనర్స్, ఏడాది ఎమ్మెస్సీ కలిపినా అంతే. తేడా 12 క్రెడిట్ల పరిశోధన ప్రాజెక్టులో ఉంది. దానికి మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులుండాలి. నాలుగేళ్ల డిగ్రీతో నేరుగా పీహెచ్‌డీకి వెళ్లడానికీ 2022 నిబంధనల్లో గీత 75 శాతమే, రిజర్వేషన్ వర్గాలకు 5 శాతం సడలింపు ఉంది. అయితే కాలేజీలో ప్రాజెక్టు చేయించగల అధ్యాపకులు, పనిచేసే పరికరాలు లేకపోతే ఆ ఏడాది కాగితం మీదే గడిచిపోతుంది. నాలుగో ఏడు నడుపుతున్నామని చెప్పే కాలేజీలో అంతకుముందు పిల్లలు చేసిన ప్రాజెక్టు నివేదికలు చూపించమని అడగండి. అవి ఉంటేనే అక్కడ ఉండండి, లేకపోతే మూడేళ్లతో ఆపి ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష రాయండి.