బండి తీసే ముందు లెక్క తీయండి!
పొదిలి నుంచి నేపాల్, భూటాన్ దాకా... తక్కువ ఖర్చుతో బైక్ యాత్ర ప్లాన్ చేయడమెలా?

డిగ్రీ ఆఖరి పరీక్ష రాసి బయటికొచ్చిన సాయంత్రం. పొదిలిలో ఏ టీకొట్టు దగ్గర నలుగురు స్నేహితులు కూర్చున్నా రెండే మాటలు. ఒకటి, ‘ఉద్యోగం సంగతేంట్రా?’ రెండోది, ‘అందులో పడేలోపు ఎటైనా వెళ్లొద్దామా?’ ఆ ‘ఎటైనా’ గోవాతో మొదలై, ఫోన్‌లో రెండు వీడియోలు చూసేసరికి దేశాలే దాటేస్తుంది. కోరికలో తప్పేం లేదు. కాకపోతే దేశాలు దాటే బైక్ యాత్ర గెలిచేదీ ఓడేదీ రోడ్డు మీద కాదు, ఇంట్లో తెల్లకాగితం మీద. ఆ కాగితం పని సరిగ్గా చేయడం వస్తే, యాత్రకు వెళ్లినా వెళ్లకపోయినా మీ ఉద్యోగ వేటకు పనికొస్తుంది.

వెళ్లొచ్చినవాళ్లు ఏం చేశారు?

2018లో ‘రోడ్ టు మెకాంగ్’ పేరుతో నలుగురు మహిళలు హైదరాబాద్ నుంచి బైకుల మీద బయలుదేరారు. బృందానికి నాయకురాలు ఆర్కిటెక్ట్ జై భారతి. మన దేశంతో కలిపి మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం... మొత్తం ఆరు దేశాలు, దాదాపు 17 వేల కిలోమీటర్లు. తెలంగాణ పర్యాటక శాఖ వాళ్లకు అండగా నిలిచింది. ఆ బృందంలోని పియా బహదూర్ తర్వాత ఆ ప్రయాణం మీద పుస్తకం రాశారు. జై భారతి మహిళలకు బండి నడపడం నేర్పే ‘మోవో’ సంస్థను మొదలుపెట్టారు. ‘ఆడపిల్లలకు ఇవన్నీ ఎందుకు?’ అనేవాళ్లకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

అయితే ఒక్కటి గమనించండి. వాళ్లు వెళ్లిన దారినే ఇప్పుడు మీరు కాపీ కొట్టలేరు. 2021 ఫిబ్రవరిలో మయన్మార్‌లో సైనిక తిరుగుబాటు జరిగాక ఆ దేశం మీదుగా రోడ్డు యాత్రను నమ్ముకుని ప్లాన్ వేయలేం. మన బండ్లను లోపలికి రానివ్వడానికి థాయ్‌లాండ్ 2016 నుంచి ముందస్తు అనుమతి అడుగుతోంది. పడమటి వైపు చూస్తే అట్టారీ సరిహద్దు 2025 ఏప్రిల్ నుంచి మూతపడింది. బంగ్లాదేశ్‌కు వీసాతో పాటు బండికి ‘కార్నే’ కావాలి. కార్నే అంటే, ‘ఈ బండిని మీ దేశంలో అమ్మను, తిరిగి తీసుకెళ్తాను’ అని కస్టమ్స్‌కు ఇచ్చే హామీ పుస్తకం. బండి విలువను బట్టి డిపాజిట్ కట్టాలి. మన దేశంలో ముంబయిలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ లాంటి సంస్థలు దీన్ని ఇస్తాయి. కాలేజీ కుర్రాడి బడ్జెట్‌కు ఇది మొదటి దెబ్బ.

మరి ఏం మిగిలింది? నేపాల్, భూటాన్. వీసా అక్కర్లేదు, కార్నే అక్కర్లేదు, మన లైసెన్సే చెల్లుతుంది. మొదటి విదేశీ బైక్ యాత్రకు ఇవి చాలు.

ముందు కాగితాలు

మనలో చాలామంది ఆధార్ ఉంటే చాలనుకుంటారు. ఇక్కడ చాలదు. నేపాల్, భూటాన్ సరిహద్దుల్లో పాస్‌పోర్ట్ గానీ, ఓటరు కార్డు గానీ చూపించాలి. 18 ఏళ్లు నిండినా ఓటరుగా నమోదు చేసుకోనివాళ్లు ఈ వంకనైనా చేసుకోండి. పాస్‌పోర్ట్ అయితే ఇంకా మంచిది. 36 పేజీల పుస్తకానికి సాధారణ ఫీజు రూ.1,500. యాత్ర రద్దయినా పాస్‌పోర్ట్ వృథా పోదు, రేపు ఉద్యోగానికి పనికొస్తుంది.

బండి ఎవరి పేరు మీద ఉంది? చాలా ఇళ్లలో అది నాన్న పేరు మీదే ఉంటుంది. అలాంటప్పుడు ‘మా అబ్బాయి ఈ బండిని ఫలానా తేదీల్లో నేపాల్, భూటాన్ తీసుకెళ్లడానికి నా సమ్మతి ఉంది’ అని ఆయన సంతకంతో ఉత్తరం, ఆయన గుర్తింపు కార్డు నకలు దగ్గర పెట్టుకోండి. బండి ఫైనాన్స్‌లో ఉంటే ఆ సంస్థను ముందే అడగండి. ఆర్‌సీ, లైసెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ అసలువే తీసుకెళ్లండి. సిగ్నల్ లేనిచోట ఫోన్‌లోని యాప్ తెరుచుకోదు.

అందరూ మరిచిపోయేది బీమా. మన బండి పాలసీ మామూలుగా భారతదేశం వరకే వర్తిస్తుంది. కొంత అదనపు ప్రీమియం కడితే నేపాల్, భూటాన్ లాంటి పొరుగు దేశాలకు దాన్ని పొడిగించుకోవచ్చు. బీమా కంపెనీని ‘జియోగ్రాఫికల్ ఎక్స్‌టెన్షన్’ కావాలని అడగండి. ఇది లేకుండా అవతల ప్రమాదం జరిగితే ఆ ఖర్చు మీ ఇంటి మీదే పడుతుంది.

నేపాల్‌లోకి బండి తీసుకెళ్లాలంటే సరిహద్దులో ‘భన్సార్’ కట్టాలి. అంటే కస్టమ్స్ పర్మిట్. ఎన్ని రోజులుంటారో అన్ని రోజులకు రుసుము. గడువు దాటితే జరిమానా పడుతుంది కాబట్టి ఒకట్రెండు రోజులు ఎక్కువే రాయించుకోండి. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఈ రెండు దేశాలకు అవసరం లేదు. ముందు ముందు ఇంకా దూరం వెళ్తే రవాణా శాఖ దగ్గర రూ.1,000 ఫీజుతో ఏడాది గడువుకు తీసుకోవచ్చు.

దారి, కాలం

పొదిలి నుంచి ఒంగోలు చేరి 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే విజయవాడ, విశాఖ, భువనేశ్వర్ మీదుగా కోల్‌కతా వైపు ఒకటే రోడ్డు. అక్కడి నుంచి సిలిగురి. పొదిలి నుంచి మొత్తం సుమారు 2,000 కి.మీ. సిలిగురి నుంచి భూటాన్ గుమ్మం ఫుంట్‌షోలింగ్ 160 కి.మీ. దూరంలో ఉంటుంది. చూసి వెనక్కి వచ్చి, సిలిగురి పక్కనే ఉన్న కాకర్‌భిట్టా దగ్గర నేపాల్‌లోకి దిగొచ్చు. కాఠ్‌మాండూ, పోఖరా చూసుకుని సునౌలీ దగ్గర మళ్లీ మన దేశంలోకి రావచ్చు. గోరఖ్‌పూర్, వారణాసి, జబల్‌పూర్, నాగ్‌పూర్, హైదరాబాద్ మీదుగా ఇల్లు. అటూ ఇటూ తిరుగుడు కలిపి 5,500 కి.మీ. అనుకోండి.

పరీక్షలైపోయిన ఊపులో మే నెలలో బయలుదేరకండి. మైదానంలో ఎండ మాడ్చేస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నేపాల్ కొండల్లో వానలు, విరిగిపడే చరియలు. దసరా దాటాక అక్టోబరు, నవంబరు బాగుంటాయి. అయితే మన కోస్తాకూ ఒడిశాకూ తుపాన్లు వచ్చే నెలలూ అవే. వాతావరణ శాఖ హెచ్చరిక ఉంటే రెండు రోజులు ఆగడానికి ప్లాన్‌లో చోటు ఉంచండి. జనవరి వస్తే మిరప కోతలు. ఇంట్లో మనిషి అవసరమైన రోజుల్లో మీరు పోఖరాలో ఉంటే, తిరిగొచ్చాక ఎవరూ ఫొటోలు చూడరు!

కొత్త బండి కొనాల్సిన పనిలేదు. ఇంట్లో ఉన్న 125 సీసీ బండి చాలు. నేపాల్‌లోనూ మన కంపెనీల బండ్లే ఎక్కువగా తిరుగుతాయి కాబట్టి విడిభాగాలకు, మెకానిక్‌కు ఇబ్బంది ఉండదు. మైదానంలో రోజుకు 300 కి.మీ., కొండల్లో 150 కి.మీ. మించొద్దు. చీకటి పడ్డాక బండి నడపొద్దు. పంక్చర్ వేయడం, చైన్ బిగించడం మీ మెకానిక్ దగ్గర రెండు సాయంత్రాలు కూర్చుని నేర్చుకోండి.

ఇక డబ్బు

ఇవి అంచనాలే. మీ బండి మైలేజీ, మీ ఊరి ధరలు పెట్టి మళ్లీ లెక్క కట్టుకోండి. ఒక్క మనిషికి, 28 రోజులకు...

పెట్రోలు: 5,500 కి.మీ., లీటరుకు 45 కి.మీ. చొప్పున 122 లీటర్లు. లీటరు రూ.110 వేసుకుంటే దాదాపు రూ.13,500.
బండి సర్వీసు, చైన్, బ్రేకులు, మధ్యలో ఒకసారి ఆయిల్ మార్పు: రూ.7,000.
బస: ఇద్దరు కలిసి గది తీసుకుంటూ, వీలైనచోట ధర్మశాలల్లో ఉంటే రోజుకు సగటున రూ.500 చొప్పున 26 రాత్రులకు రూ.13,000.
తిండి: రోజుకు రూ.350 చొప్పున రూ.9,800.
భన్సార్, బీమా పొడిగింపు, సిమ్ కార్డులు: రూ.3,000.
భూటాన్ రుసుము: భారతీయులకు మనిషికి రాత్రికి రూ.1,200. మూడు రాత్రులకు రూ.3,600.

మొత్తం సుమారు రూ.50 వేలు. దీనికి 20 శాతం కలిపి పక్కన పెట్టండి. అది ముట్టుకోకూడని డబ్బు. బండి అక్కడే ఆగిపోతే, మీరు రైలెక్కి ఇంటికి చేరడానికి అది. అంటే చేతిలో రూ.60 వేలు ఉండాలి.

నేపాల్‌లో మన రూపాయికి 1.60 నేపాలీ రూపాయలు, మారని లెక్క. భూటాన్ గుల్‌ట్రమ్ మన రూపాయితో సమానం. రెండు చోట్లా చాలా దుకాణాల్లో యూపీఐ నడుస్తుంది గానీ, కొండదారిలో నమ్మదగింది జేబులోని వంద నోట్లే.

చాలకపోతే ఏం తగ్గించాలి?

అసలు పరీక్ష ఇక్కడే. రూ.60 వేలు లేవు, రూ.35 వేలే ఉన్నాయి. అప్పుడు ఫోన్‌లోని లోన్ యాప్ తెరవొద్దు. ఉద్యోగం రాకముందే తీసుకున్న అప్పుకు వాయిదా కట్టలేకపోతే క్రెడిట్ స్కోరు దెబ్బతింటుంది. బ్యాంకు ఉద్యోగాల్లాంటి చోట్ల దాన్ని కూడా చూస్తారు. నాన్న మిరప అమ్మిన డబ్బు కూడా అడగొద్దు. అది వచ్చే ఏడాది సాగు పెట్టుబడి.

తగ్గించాల్సింది దారిని. భూటాన్ తీసేయండి. లేదా బండిని ఇవతలే పార్కింగ్‌లో పెట్టి, ఫుంట్‌షోలింగ్ నుంచి బస్సులో థింపూ వెళ్లిరండి. బండికి అక్కడ విడిగా కట్టాల్సిన రుసుము తప్పుతుంది. ఇంకా తగ్గాలంటే బండిని రైల్వే పార్శిల్‌లో వేసి విజయవాడ నుంచి గోరఖ్‌పూర్ రైలెక్కండి. ట్యాంకులో పెట్రోలు ఖాళీ చేయించాలి, ఆర్‌సీ నకలు, గుర్తింపు కార్డు ఇవ్వాలి. సునౌలీ అక్కడికి వంద కిలోమీటర్ల లోపే. లుంబిని, పోఖరా, కాఠ్‌మాండూ చూసి పన్నెండు రోజుల్లో తిరిగి రావచ్చు. ముక్తినాథ్ దాకా వెళ్దామని మనసు లాగుతుంది. అది 3,700 మీటర్ల ఎత్తు, వేరే పర్మిట్ కావాలి. మొదటిసారికి వద్దు.

ఇంటర్వ్యూలో చెప్పేదేంటి?

‘బైక్ మీద నేపాల్ వెళ్లొచ్చాను’ అని రెజ్యూమెలో ఒక వరుస రాస్తే ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. నిజం అంతే. కానీ, ‘డిగ్రీ అయ్యాక ఈ ఖాళీలో ఏం చేశారు?’ అని అడిగితే, ఇదీ నా బడ్జెట్, ఇదీ అయిన ఖర్చు, ఇక్కడ రూ.2,000 తేడా ఎందుకొచ్చిందంటే... అని చెప్పగలిగినవాడి మాట బోర్డు వింటుంది. అందుకే రోజూ రాత్రి ఖర్చు, దూరం, వచ్చిన సమస్య, తీసుకున్న నిర్ణయం నాలుగు వరుసల్లో నోట్‌బుక్‌లో రాసుకోండి. లాజిస్టిక్స్, టూరిజం, సేల్స్ లాంటి ఉద్యోగాలకు వెళ్లేవాళ్లకు ఇది ఉదాహరణగా బాగా పనికొస్తుంది.

తేదీలు ఖాయం చేసే ముందు మాత్రం మీరు దరఖాస్తు చేసిన పరీక్షల క్యాలెండర్ పక్కన పెట్టుకోండి. రైల్వే, ఎస్‌ఎస్‌సీ, ఏపీపీఎస్సీ... ఏ హాల్‌టికెట్ ఎప్పుడొస్తుందో చూడండి. జాయినింగ్ తేదీ చేతిలో ఉన్నవాళ్లు దానికి పది రోజుల ముందే ఇంట్లో ఉండేలా వెనక్కి లెక్కపెట్టండి. పరీక్షకూ యాత్రకూ పోటీ వస్తే పరీక్షే రాయండి. పోఖరా వచ్చే దసరాకీ ఉంటుంది.

ఈ ఆదివారం చేయాల్సిన పని ఒక్కటే. ఒక తెల్లకాగితం తీసుకుని నాలుగు గడులు గీయండి. కాగితాలు, దారి, డబ్బు, తేదీలు. ఒక్కో గడిలో మీ దగ్గర ఏముందో, ఏం లేదో రాయండి. పూర్తయ్యాక దాన్ని ఇంట్లో అమ్మానాన్నల ముందు పెట్టండి. వాళ్లు అడిగే ప్రశ్నలు ఏ ఇంటర్వ్యూ బోర్డు ప్రశ్నలకూ తీసిపోవు. వాటికి జవాబు చెప్పగలిగిన రోజున బండి తీయండి.